విల్కాపుక్యోలో దుబాసీ

బడి గదిలో విచారణ.
పిల్లల బల్లల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా
ఊరి పెద్దలు.
అద్దం పగిలిన కిటికీకి సిమెంటు సంచి అడ్డం.
నేను దుబాసీని. నీటి శాఖ రోజుకూలీ.
ఎడమ చెవి స్పానిష్‌కి అద్దెకిచ్చాను,
కుడి చెవి మా అమ్మది.

ఇంజనీరు కాగితం చదివాడు:
"నోసోత్రోస్ ఈ కాలువ నీళ్ళు గనికి ఇవ్వడానికి సమ్మతిస్తున్నాం."

మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.
వాళ్ళ భాషలో దానికి ఒకటే తలుపు,
మాకు రెండు.
ఞొకంచిస్ అన్నావా, ఎదుటివాడూ లోపలికొచ్చి
పొయ్యి పక్కన చేతులు కాచుకుంటాడు.
ఞొకయ్కు అన్నావా,
గడప అవతల చలిలో నిలబడతాడు.

తొరీబియా కవానా లేచింది.
వేకువ మంచులో బంగాళాదుంపలు తొక్కి తొక్కి
అట్నుంచటే వచ్చింది,
మడమల పగుళ్ళలో ఇంకా తెల్లటి పిండి.
"అందులో రాసింది మనమా, మేమా?
మనమైతే, బాబూ, నీ పార ఏదీ?
ఆగస్టులో పూడిక తీసిన నాడు నువ్వు కనపడలేదే.
మేమైతే,
మా నోటి మాట నీ కలం ఎందుకు రాసింది?"

వెనక బల్లలో ఎవరో కిసుక్కుమన్నారు.
ఏమంటోందని ఇంజనీరు నన్నడిగాడు.
"ఒక సర్వనామం గురించండీ" అన్నాను.
అతను గడియారం చూసుకున్నాడు.

సరే, కాలువ మీదేనని రుజువేమిటి?
తవ్విందెవరు?

ఆమె చెప్పింది:
ఇంకా రాజు పల్లకీలో ఈ కనుమ దాటి పోయాడట.
రాళ్ళ లెక్కంతా ముడుల తాడులో ఉండేదట,
ఆ తాడు ఎలకలు కొట్టేశాయట.
ప్రతి మాటకూ 'సి' అనే తోక తగిలించింది:
నేను చూడలేదు, విన్నాను,
తప్పయితే చెప్పినవాళ్ళది.

తర్వాత గొంతు మారింది.
గడ్డితాళ్ళతో బండలు లాగినవాళ్ళూ,
ఒకరు మునివేళ్ళతో వాలు చూస్తుంటే
ఒకరు కుండెడు నీళ్ళు వదిలి పరీక్షించడమూ,
ఆ మూల మలుపు దగ్గర కాలు నలిగిన కుర్రాడూ.
వాళ్ళకు మాత్రం 'మి'.
'మి' అంటే కళ్ళారా చూశాను,
ప్రమాణం చేసినంత పని.

ఐదు వందల ఏళ్ళు!
ముసలిదానికి మతి పోయిందనుకున్నాను,
తోక మార్చి చెబుదామా అని కూడా.
అప్పుడు గమనించాను, ఆమె చూపు ఇంజనీరు మీద లేదు,
అతని భుజం మీదుగా
సిమెంటు సంచిని దాటి కాలువ మీద ఉంది.
ఞావి అంటే కన్ను, ఞౌపా అంటే గడచిన కాలం.
మాకు గడిచింది ఎదురుగా ఉంటుంది, కనపడుతుంది కనక.
రేపు వీపు వెనక ఉంటుంది.
నిచ్చెన దిగేవాడిలా
వెనక్కి వెనక్కి అడుగేస్తూ పోతాం రేపట్లోకి.
ఆమె ఎదుట వాళ్ళు ఇంకా తవ్వుతూనే ఉన్నారు.

స్పానిష్‌లో నేనన్నది రెండే మాటలు:
ఇంకాలు తవ్వారు.
మియ్యీ, సియ్యీ రెండూ
బల్ల కింద ఎక్కడో పడిపోయాయి.
గుమాస్తా టకటకా కొట్టుకున్నాడు.

కాగితం మీద ఎవరూ వేలిముద్ర వెయ్యలేదు,
విచారణ వచ్చే నెలకి వాయిదా.
పోతూ పోతూ తొరీబియా
నా చొక్కా గుండీ పట్టుకుని అడిగింది:
"వాడికి ఏమని చెప్పావు, మనం అనా, మేము అనా?"
కోకా ఆకుల వాసన ఆమె నోట్లో.
నేను బూట్ల లేసు కట్టుకున్నాను.

జీపు దగ్గర కూలి చేతిలో పెట్టి
రశీదు చాపారు సంతకానికి:
"నాకు ముట్టింది."
ఎంత వెతికినా
నేను అనే మాటకి మా భాషలోనూ
ఒకటే తలుపు.